లోవమ్మ నాలిక తేల్చిన దీపం

మెట్టుగూడలో లాల్ చాచా దీపాల దుకాణానికి లోవమ్మ మొదట వచ్చింది ఇత్తడి తోమడానికి. తుని దగ్గర పుట్టి, రైల్వే వర్క్‌షాపులో పనిచేసే బుల్లబ్బాయిని కట్టుకుని ఈ ఊరొచ్చిన మనిషి. ఖాళీగా కూచుంటే చేతులు దురదపెట్టే రకం. చింతపండు పెట్టి ఆవిడ తోమిన బర్నర్లో మొహం చూసుకోవచ్చు. గాజు జోలికి మాత్రం రానిచ్చేవాడు కాదు చాచా.

"ఇత్తడి కింద పడితే సొట్ట పడతది బేటీ. గాజు పడితే నా ఇజ్జత్ పోతది" అనేవాడు.

ముట్టుకోనివ్వకపోతే పోయె, చూడనిచ్చాడు కదా! తొమ్మిదేళ్లు చూసింది. పని చేస్తున్నంతసేపూ చాచా నోరు ఆగేది కాదు, ఈవిడ చెవులూ ఆగేవి కావు. నోటితో ఊది చేసిన పాతకాలపు గాజుకి అడుగున గరుగ్గా ఒక మచ్చ ఉంటుందనీ, దాన్ని బొడ్డంటారనీ, తర్వాత కాలంలో అచ్చులో పోసిన గాజుకి పక్కన సన్నటి గీత కుట్టులా తగులుతుందనీ, అన్నీ అలా విన్నవే. తోమే వంకతో దొంగచాటుగా వేలు పెట్టి తడిమి చూసుకునేది కూడా. చాచాకి తెలుసు. తెలియనట్టు ఉండేవాడు.

ఊరంతా కంప్యూటర్ పిచ్చి పట్టిన రోజులవి. మెడలో బిళ్లలు వేసుకున్న పిల్లలతో పొద్దున్నే ఎమ్మెమ్టీఎస్ రైళ్లు హైటెక్ సిటీ వైపు కిక్కిరిసి పోయేవి. కొత్త ఫ్లాట్లు కొన్నవాళ్లందరికీ హాల్లో ఒక పాత దీపం ఉండాలి, అదీ ఫ్యాషను. ఏది పాతదో తెలియాలన్న నియమం మాత్రం ఎవరికీ లేదు. సరిగ్గా గిరాకీ పెరిగే వేళకి చాచా కళ్లకి పొర కమ్మింది. చిమ్నీ ఎక్కడుందో చేత్తో వెతుక్కునే స్థితి వచ్చింది. మేనల్లుడు అఫ్రోజ్ వచ్చి, "ఇంకేం చేస్తవ్ మామూ? నాకియ్యి, సెల్‌ఫోన్ల షాపు పెడతా" అని కూచున్నాడు.

దుకాణం మూతపడుతుందంటే లోవమ్మకి అన్నం సయించలేదు. అవును మరి, తొమ్మిదేళ్లు మనసులో దాచుకున్న విద్యంతా ఏం చేసుకోవాలి? మూటగట్టి అటక మీద పెట్టుకోవాలా? "నాను సేస్తాను చాచా. ఒక్క పని నా సేతికిచ్చి సూడండి" అంది.

చాచా గడ్డం గోక్కున్నాడు. "చర్చి దీపాలు వచ్చినయ్ గదా. ఆ పని నీది. బాగుంటే దుకాణం నడుస్తది. జెర తేడా వస్తే అఫ్రోజ్‌కే ఇస్తా. ఆడమనిషి చెడగొట్టిందన్న మాట ఒక్కసారి బయటికి పోతే, మళ్ల ఒక్కరు సుత దీపం తేరు."

దగ్గర్లోని చర్చికి నూరేళ్ల పండగ. అక్కడి బల్ల మీద జంటగా వెలిగే రెండు నీలిగాజు దీపాలు వచ్చాయి. చూడ్డానికి కవలల్లా ఉన్నా, అందులో ఒకదాని గాజుబుడ్డి ఎప్పుడో పగిలితే వేరేది వేయించారని సంఘంలో పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఆ మార్చింది ఏదో ఎవరికీ తెలియదు. పండగకి అసలు దీపమే పెట్టాలని కమిటీ పట్టు. బేగంపేటలో పాతసామాన్ల షోరూమ్ ఉన్న సూరి లాప్‌టాప్ తెరిచి, ఇంటర్నెట్‌లో బొమ్మలు చూపించి తేల్చేశాడు. నున్నగా తళతళలాడేది విలాయతీ సరుకట. లోపల బుడగలతో, కొంచెం ఒరిగినట్టుండేది బజారు నకలట. "ఆ డొక్కుది నేను తీసుకుపోతాను. దీనికి జత కొత్తది నేనే ఇస్తాను" అని ధర్మం కూడా చేశాడు. తెలిసే అన్నాడో, తెలియకే అన్నాడో ఆ దేవుడికెరుక.

లోవమ్మ రెండింటినీ ఒళ్లో పెట్టుకుని తడిమింది. ఒరిగినదానికి అడుగున బొడ్డు తగిలింది. తళతళలాడేదానికి పక్కన కుట్టు తగిలింది. "ఇదేటి చాచా, ఆయన తిరగేసి సెప్పాడు" అంది. "చెప్పొద్దు" అన్నాడు చాచా. "లాప్‌టాప్ మాట ముంగట మన వేళ్ల మాట ఎవరింటరు? సబూత్ కావాలె."

రుజువు ఎక్కణ్ణించి తెస్తుంది? ముందు తోమడమైనా కానిద్దామని, వాళ్ల ఇంటి అలవాటు చొప్పున చింతపండు వేసిన వేడినీళ్లలో తళతళలాడే దీపం మెడ కూడా మునిగేలా పెట్టింది. అత్తగారి ఇత్తడి బిందెకి ఆ పద్ధతి బాగానే ఉంటుంది. వందేళ్ల దీపానికి ఎవరైనా చేస్తారా? నిమిషం తిరక్కుండా, బర్నర్ బిగించే ఇత్తడి పట్టీ గాజుమెడ నుంచి జారి ఆవిడ చేతిలోకి వచ్చేసింది.

అదే క్షణాన గుమ్మంలో రోసమ్మ టీచరు. రిటైరైన హెడ్మిస్ట్రెస్, కమిటీ కార్యదర్శి. పని ఎంతవరకూ వచ్చిందో చూద్దామని వచ్చింది, కళ్లారా చూసింది. "అయ్యయ్యో, విరగ్గొట్టేశావా! అసలు దీపాన్నే విరగ్గొట్టేశావా!" అని వీధి వినేలా కేక పెట్టింది. చాచా మొహం పాలిపోయింది. లోవమ్మ అంతా అయిపోయిందనుకుంది.

కానీ కళ్లు ఊరుకోవు కదా. పట్టీ లోపల తెల్లగా కరుగుతున్నదేదో కనిపించింది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. నోరంతా వగరు.

"పటిక!" అని అరిచింది. "చాచా, ఇది పటిక!"

"ఏదీ, ఇటియ్యి" అని చాచా కూడా నాకి చూసి పకపకా నవ్వేశాడు. రోసమ్మ టీచరుకి ఇద్దరికీ మతి పోయిందనిపించింది.

లోవమ్మ గుక్కతిప్పుకుని చెప్పింది. "టీచరమ్మగారూ, కంపెనీవోళ్లు ఈ పట్టీని పిలాస్త్రీతో, అదే ఆ తెల్ల సిమెంటుతో, బిగిస్తారండి. ఏణ్ణీళ్లకి అది కదల్దు. పటిక కరిగించి పోసేది మనలాటి మరమ్మతోళ్లేనండి. అంటే ఈ బుడ్డి తర్వాత తగిలించింది. అసలుది రెండోదండి."

రొట్టె విరిగి నేతిలో పడింది. అయితే పడిందని టీచరు ఒప్పుకోవాలిగా? "రేపు సూరిగారు వస్తారు. ఆయన ముందు రుజువు చెయ్. లేకపోతే ఈ దుకాణం గడప తొక్కను, ఎవర్నీ తొక్కనివ్వను" అంది.

మర్నాడు చర్చి పక్కగదిలో కమిటీ అంతా కూచుంది. లోవమ్మ ఒరిగిన దీపాన్ని గోరువెచ్చటి నీళ్లలో పెట్టి, గాజు బెదరకుండా కొంచెం కొంచెంగా వేడినీళ్లు కలిపింది. "పగిలితే ఎవరిది బాధ్యత?" అన్నాడు సూరి. "నాదేనండి" అంది లోవమ్మ, తల ఎత్తకుండానే. పావుగంట గడిచింది. అప్పుడు ఆవిడ దీపాన్ని ఆ ఇత్తడి పట్టీ ఒక్కటే పట్టుకుని నీళ్లలోంచి పైకెత్తింది. మొత్తం దీపం ఆ పట్టీకి వేలాడుతూ గాలిలో నిలిచింది. వెంట్రుకవాసి కదల్లేదు.

రోసమ్మ టీచరు కళ్లజోడు సవరించుకుంది. "సూరిగారూ, మీరు తీసుకుపోతానన్నది ఈ దీపమేగా?" అని అడిగింది. సూరి లాప్‌టాప్ మూసేశాడు. లోవమ్మకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. అంత సంతోషం పెళ్లినాడు కూడా లేదని తరవాత బుల్లబ్బాయితోనే అంది, ఆ మహానుభావుడు నొచ్చుకోలేదు.

ఊడినదాన్ని ఆవిడే అతికించింది. గరిటెలో పటిక కరిగించి, పట్టీలో పోసి, చల్లారేలోపు గాజుమెడ నిటారుగా కూర్చోబెట్టడం ఒక్క ఊపిరి పని. చాచా చివర్న వేళ్లతో చుట్టూ తడిమి, "షాబాష్" అన్నాడు. నూరేళ్ల పండగకి రెండు దీపాలూ బల్లెక్కాయి. ఇన్నాళ్లూ వెలిగినదాన్ని నకలని పక్కనెలా పెడతామని రోసమ్మ టీచరే వాదించి గెలిచింది.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం సూరి దుకాణం ముందు కారు దిగాడు. చేతిలో పాతచీర చుట్టిన గులాబీరంగు దీపం, అంచు కాస్త విరిగింది. "లాల్ చాచా, ఇది పాతదో కాదో మీరే చెప్పాలి" అన్నాడు, కొంచెం తగ్గు గొంతుతో.

"నన్నెందుకు అడుగుతున్నవ్ భాయ్?" అన్నాడు చాచా బీడీ వెలిగిస్తూ. "దుకాణం ఆమెది. అఫ్రోజ్‌ని వేరే జాగా చూసుకోమన్న."

ఆ మాట లోవమ్మ వినడం అదే మొదటిసారి. అయినా ముందు కొంగుకి చెయ్యి తుడుచుకుంది. దీపం అందుకుని బోర్లించింది, అడుగున బొటనవేలు తిప్పింది, పక్కన గోరు పెట్టి గీసింది.

"కొత్తదండి సూరిగారు. శుద్ధ కొత్తది" అంది. ఆయన మొహం చూసి జాలేసింది కాబోలు, మళ్లీ తనే అంది. "అంచు మాత్రం సాన పట్టి ఇస్తాను లెండి. గురువారం రండి."