బాగు చేసిన ఏరు

మా అన్నయ్య మామిడి తోటకూ ఏటికీ మధ్య ఒకప్పుడు కానుగ చెట్లూ మొగలి పొదలూ ఉండేవి. ఏట్లో నిలువెత్తు జమ్ము గడ్డి. వానలకు వచ్చిన నీరు ఆ జమ్ములో చిక్కుకుని, నిదానించి, ఇసకలోకి దిగేది. వేసవిలో పైకి ఏరు ఎండినా కింద ఊట ఉండేది. ఆ ఊట మీదే అన్నయ్య బావి ఆధారపడింది, బావి మీద ఆయన చిన్నరసాల తోట ఆధారపడింది. టౌను కూడా ఆ ఊటనే నమ్ముకుంది. ఏటి మధ్యలో ఊటబావి దింపి, ఇసక కింద పైపు వేసి కుళాయిలకు నీళ్లు తెచ్చుకునేవారు. నేను టౌన్లో హైస్కూల్లో సైన్సు చెబుతాను. పుట్టింట్లో తాగిన నీళ్లే పెళ్లయ్యాక కూడా తాగాను, కాకపోతే పైపులోంచి.

ఏటి గురించి మీటింగు పెడుతున్నారంటే నేను సంబరపడి వెళ్లాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి ముందు షామియానా కిందే అందరినీ కూర్చోబెట్టారు. తోటల రైతులు, తోట పనులకు వెళ్లేవాళ్లు, టౌను నీళ్లు చూసుకునే ఇంజినీరు గారు వచ్చారు. మైకు నా చేతికిచ్చినప్పుడు, ఏరు పాడైపోతోందండీ, బాగు చేసుకోవాలండీ అన్నాను. నా తర్వాత ఇంజినీరు గారూ అదే మాట అన్నారు. అన్నయ్యా అదే అన్నాడు. ఊరంతా ఒక్క మాట మీదకు వచ్చిందని చప్పట్లు కొట్టాం. పాస్టర్ గారు ప్రార్థన చేసి అందరికీ టీలు ఇప్పించారు.

ఆ ఒక్క మాటే మా కొంప ముంచింది. మనం జబ్బుపడ్డవాణ్ణి బాగు చేస్తాం, మోటారు బాగు చేస్తాం, చేను కూడా బాగు చేస్తాం. నా మనసులో ఉన్నది జబ్బుపడ్డ మనిషి. చెత్త పోయడం మాని, జమ్మునూ చెట్లనూ ముట్టుకోకపోతే ఏరు తనే కోలుకుంటుందని నా ఆశ. ఇంజినీరు గారి మనసులో ఉన్నది మోటారు. ఊటబావి చుట్టూ పేరుకున్న చెత్తా మేటా తీసేస్తే పైపు భద్రంగా ఉంటుందని ఆయన లెక్క. రైతులకు ఇంకో అర్థం లేనే లేదు. తుప్పా డొంకా కొట్టి చదును చేస్తేనే చేను బాగు చేసినట్టు. బాగు చేయడమంటే ఏంటండీ అని ఎవరూ ఎవరినీ అడగలేదు.

వేసవి సెలవుల్లో అన్నయ్య ఫోన్ చేసి, వచ్చి చూడమ్మా, మన ఏరు ఎంత బాగుపడిందో అన్నాడు. వెళ్లాను. ప్రొక్లెయిన్ పెట్టి జమ్మంతా పెరికేశారు. కానుగలు మొదళ్లతో సహా లేవు. ఏరు ఈ చివర నుంచి ఆ చివర దాకా రోడ్డేసినట్టు తిన్నగా కనిపిస్తోంది.

"ఎవరు తీయమన్నారు అన్నయ్యా జమ్ము?" అని అరిచాను.

"నువ్వే గదా మైకులో చెప్పావు! ఆ జమ్ములోంచి పందులొచ్చి తోటంతా కుళ్లగిస్తున్నాయి, నీకేం తెలుసు? టౌన్లో కూర్చుని చెబుతావు."

నాకు ఒళ్లు మండిపోయింది. వదిన అన్నం తినమంటున్నా వినకుండా బస్సెక్కేశాను.

వానలకు ఎగువన రెడ్డిగూడెం వైపు నుంచి ఏరు వచ్చింది. ఆపేదేమీ లేక ఉరుకుతూ వచ్చి, తోట దగ్గర వంపులో గట్టును కోసింది. ఏటి వార చెట్లు కొన్ని కాయకాసే వయసులోనే పడి కొట్టుకుపోయాయి. ఇసక కింద దాక్కున్న పైపు బయటపడి విరిగింది. టౌనుకు ట్యాంకర్లు వచ్చాయి. బిందె పెట్టే చోటు కోసం మా వీధిలో జుట్లు పట్టుకున్నారు. పాఠాలు చెప్పే నేనూ గొంతు చించుకున్నాను.

ఇంజినీరు గారు అన్నయ్య దగ్గరికి వచ్చారు. గట్టుకు రాళ్లు పేర్చి, దాని వెనక తోట అంచున లోతుగా బోరు వేస్తామన్నారు. నేను అక్కడే ఉన్నాను. బోరు వద్దండీ, రాళ్లు పైపు ఉన్న చోట మాత్రం పేర్చండి, మిగతా ఏట్లో జమ్ము మళ్లీ పెరగనివ్వండి, ఊట తిరిగొస్తుంది అని బతిమాలాను.

"మేడం, మీరు చెప్పింది నిజమేనండీ. జమ్ము పెరిగేదాకా టౌను దాహం ఆగుద్దా అండీ?" అన్నారాయన.

వెటకారం లేదు. చాలా మర్యాదగా అడిగారు.

"తాగే నీళ్లకి కాదంటామా, వేసుకోండి" అన్నాడు అన్నయ్య. అది ఆయన మంచితనం. నాకు గర్వంగానూ అనిపించింది, భయంగానూ అనిపించింది.

భయమే నిజమైంది. బోరు తిరగడం మొదలయ్యాక తోటలో బావి అడుగంటుతూ వచ్చింది. మోటారు వేస్తే కాసేపు నీళ్లు, ఆ తర్వాత గాలి. పూత బాగానే వచ్చినా పిందె నిలబడలేదు. ఎగువన మిగిలిన జమ్ము దుబ్బులు తెచ్చి, చీర కుచ్చెళ్లు దోపుకుని ఏట్లో నాటాను. ఏరు మళ్లీ రాగానే వాటి జాడ లేదు. ఇక నాటబుద్ధి కాలేదు. ఈ ఏరు మా కాలంలో కోలుకోదు. పిల్లలకు పాఠంలో మాత్రం నదులను కాపాడుకోవాలనే చెబుతున్నాను, పరీక్షలో వస్తుంది కాబట్టి.

మొన్న పొద్దున కుళాయి వచ్చింది. బిందె పెట్టానో లేదో అన్నయ్య ఫోన్.

"నీళ్లొచ్చాయా అమ్మా?"

"వచ్చాయి అన్నయ్యా."

"ధార బాగుందా?"

"ఆ, బాగానే వస్తోంది."

"అయితే అన్నీ పట్టేసుకో. ఇవాళ్టి నుంచి తోట కొట్టిస్తున్నాను. ఎండిపోయాక కొట్టించడం కంటే పచ్చిగా ఉన్నప్పుడే నయం గదా."

నాకు ఏడుపొచ్చింది. ఆయనకు వినపడకూడదని ఫోన్ పెట్టేశాను. కుళాయి కట్టేయబోయి ఆగాను. కట్టేసినా ఆ నీళ్లు వెనక్కి ఆయన బావిలోకి పోవు. బిందెలన్నీ పట్టాను.