సీసం కోటు విప్పిన రోజు

కర్నూల్లో మా గుండె ఆసుపత్రిలో నర్సునైన నా నోటికి డాక్టర్లు కూడా జంకుతారు. గుండెకు తీగలు వేసే గదిలో ఎక్స్‌రే పెడల్ మీద డాక్టరు కాలు కాస్త ఎక్కువసేపు ఉంటే చాలు, "సార్, కాలు!" అని అరుస్తాను. ఆ కిరణాలు రోగికీ మంచివి కావు, రోజూ అక్కడే నిలబడే మాకూ మంచివి కావు. అందుకే అందరం సీసం కోట్లు తగిలించుకుంటాం. ఆ బరువుకు నా నడుము ఎప్పుడో పోయింది. నోరు మాత్రం మిగిలింది.

ఆమధ్య కోయిలకుంట్ల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. ఆరో నెల. ఉన్నట్టుండి గుండె దడదడలాడి కళ్లు తిరిగి పడిపోతోంది. మందులకు లొంగలేదు. వదిలేస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదమే. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నటి తీగలు గుండెలోకి పంపి, దడ పుట్టే చోటును కాల్చేయాలి. ఎక్స్‌రే వాడకుండా, తీగ ఎక్కడుందో కంప్యూటర్ తెర మీద చూసుకుంటూ చేస్తానని డాక్టరు చెప్పారు. అమ్మాయి సరేనంది, మొగుడూ సరేనన్నాడు. అత్త ఒప్పుకుంటేనా!

బైబిలు ఒళ్లో పెట్టుకుని ఆ గది తలుపు దగ్గరే కూర్చుంది. సరిగ్గా అప్పుడే నేను సీసం కోటు తగిలించుకుని వచ్చాను. రోజూ వేసుకునేదే కదా, చెయ్యి అలవాటుగా దాని మీదికి పోయింది. ఇంకేముంది!

"ఏం సిస్టరమ్మా, ఎక్స్‌రే ల్యాదంటాండారు గదా, మల్ల నీకా కోటెందుకు? నీదే పానమా? మా కోడలి కడుపులో ఉండేది బిడ్డ కాదా?"

డాక్టర్లను నిలదీసే నన్నే ఒకరు నిలదీశారు. నా ఉద్యోగంలో అదే మొదటిసారి. సిగ్గేసింది కూడా. కోటు విప్పి ఆమె ఒళ్లో పెట్టాను.

"ఇది నీ దగ్గరే పెట్టుకో పెద్దమ్మా. నేను ఇట్లే లోపలికి పోతాండా."

డాక్టరు నవ్వి తన కోటు కూడా తెచ్చి ఇచ్చారు.

"అబ్బా, మోకాళ్లు ఇరిగిపోతాయి, పోండప్పా!" అని ఆమె పక్కకు జరిగింది.

లోపల పెడల్‌ను గోడవారకు నెట్టేశాను. అలవాటు కొద్దీ డాక్టరు కాలు నేల మీద తడుముకుంటుంటే "అక్కడేం లేదు సార్" అన్నాను. తీగ కొస తెర మీద కదులుతున్నంతసేపూ నేను దాని మీంచి చూపు తిప్పలేదు. కాల్చడం అయ్యాక, పరీక్ష కోసం డాక్టరు కావాలనే దడ పుట్టించబోయారు. పుట్టలేదు.

అత్తను లోపలికి పిలిచి, బిడ్డ గుండె చప్పుడు వినిపించే యంత్రం కోడలి పొట్ట మీద పెట్టాను. టకటకటకమని గదంతా ఒకటే చప్పుడు. ఆమె ముఖం పాలిపోయింది.

"అయ్యో దేవా! బిడ్డకూ అదే దడ వచ్చిండాదే! దీనికీ తీగలేయాల్నా?"

డాక్టరు పగలబడి నవ్వారు. "లేదమ్మా, కడుపులో బిడ్డ గుండె అంత వేగంగానే కొట్టుకోవాలి. బిడ్డ శానా బాగుంది."

"బాగుండాదా?" ఆమె కోడలి చెయ్యి పట్టుకుని భోరున ఏడ్చేసింది. "తీయద్దు సిస్టరమ్మా, ఇంగ రవ్వంతసేపు ఇననీ."

బయట ఇంకో రోగి ఎదురుచూస్తున్నాడని డాక్టరు గుర్తుచేశారు.

"ఉండండి సార్, విననీయండి" అని కసిరాను.