సామిల్లు పిల్లలు

బస్టాండు వెనక వీధిలో కుర్చీలూ బల్లలూ బాగుచేసే కొట్టు నడిపే ఆవిణ్ణి ఊళ్ళో అందరూ పెద్దక్క అంటారు. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలుస్తారు. పదహారేళ్ళ వయసులో, పెద్దవాళ్ళు ఒక్కరు కూడా లేని చోట, పాతికమంది పిల్లలకి దిక్కయినప్పుడు వచ్చిన పిలుపది.

అప్పట్లో ఆమె కొండమీది సామిల్లులో రంపాల మేస్త్రి కూతురు. తండ్రి రంపాల పళ్ళకి పదును పెట్టేవాడు. తల్లి కోసిన చెక్కలు మోసి దొంతులు పేర్చేది. కొండమీద కొట్టడానికి చెట్లు మిగలకపోయేసరికి యజమాని ఆ మిల్లు మూసేసి సముద్రం పక్కన ఇంకోటి పెట్టాడు. పనివాళ్ళందరినీ తీసుకుంటానన్నాడు గానీ, సంసారాలకి ఇళ్ళు ఇంకా లేవన్నాడు. వానలు వెళ్ళాక పిల్లల్ని తెచ్చుకోమన్నాడు. చంటిపిల్లల్ని చంకనేసుకుని, కాస్త ఎదిగినవాళ్ళని వదిలేసి, తల్లిదండ్రులంతా లారీలెక్కారు. పిల్లల్ని చూడ్డానికి ముసలి వాచ్‌మన్‌ని ఉంచారు. ఆయనకి చూపు సరిగ్గా ఆనదు. నిజానికి పిల్లలే ఆయన్ని చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు.

లారీ కదిలేముందు తల్లి ఆమె గడ్డం పట్టుకుని, తమ్ముణ్ణి జాగ్రత్తగా చూసుకోమంది.

"నీమీద భరోసాతోనే వెళ్తున్నానమ్మా" అంది.

ఆ ఒక్క మాట ఆ పిల్లని చాలా కాలం నిలబెట్టింది.

మొదట్లో నెలకోసారి లారీ వచ్చి సరుకులు దింపిపోయేది. వానలకి దారి కొట్టుకుపోయి ఆగిపోయింది. దారి బాగయ్యాక కూడా రాలేదు. ఆ వానల్లోనే వాచ్‌మన్‌ తాత జ్వరంతో పోయాడు. గొయ్యి కూడా పిల్లలే తవ్వారు. పైన బురద, కింద రాయి. గునపం చేతులు మారుతూ ఉంది, ఏడుపూ అలాగే ఒకరి నుంచి ఒకరికి పాకింది. ఆ సాయంత్రం నుంచి మిల్లు కాలనీలో అందరికంటే పెద్దవాడు లారీ డ్రైవరు కొడుకు. వాణ్ణి పొడుగోడనేవాళ్ళు. వాడికి పదిహేడేళ్ళు. వాడి తర్వాత ఈమె.

ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. ఎవరిళ్ళలో వాళ్ళుంటే కట్టెలు చాలవు, చిన్నవాళ్ళు భయపడతారు. అందుకని అందర్నీ మిల్లు ఆఫీసు హాల్లోకి మార్చారు. ఒకటే పొయ్యి, ఒకటే గుండిగ. వంటకి వంతులు పెట్టారు. చక్కెర డబ్బా మాత్రం పెద్దక్క దిండు కింద. డీజిల్ అయిపోయి నీళ్ళ పంపు ఆగిపోతే వాగు నుంచి బిందెలతో మోసుకొచ్చారు. తిండికి దారేదని చూస్తే, షెడ్డు నిండా పనికిరావని పారేసిన చెక్క ముక్కలున్నాయి. వాటితో స్టూళ్ళు చేసి కింద ఊళ్ళో సంతలో అమ్మొచ్చన్నాడు పొడుగోడు. ఆమె తండ్రి చేతిపని చూస్తూ పెరిగింది కాబట్టి రంపం పదును పెట్టడం వచ్చు. మొదటి స్టూలు నాలుగు కాళ్ళూ నాలుగు రకాలుగా వచ్చింది. సంతలో ఒకాయన దాని మీద కూర్చుని ఊగిపోతుంటే, "స్టూలు కొంటే ఊయల ఉచితమండీ" అన్నాడు పొడుగోడు. ఆయన నవ్వుతూనే కొనుక్కున్నాడు.

మీ నాన్నేడీ అని ఎవరైనా అడిగితే, పనిలో ఉన్నాడని చెప్పేవాళ్ళు. అబద్ధం కూడా కాదది. నిజం పొక్కితే తలో అనాథాశ్రమానికి పంచేస్తారని వాళ్ళ భయం. వాళ్ళలో వాళ్ళకి గొడవలు లేకపోలేదు. కొట్టుకున్నారు, అలిగి తిండి మానేశారు, ఒకడు గుండిగ బోర్లించాడు. కానీ వానలు వెళ్ళి చలి వచ్చేదాకా ఒక్కరు కూడా పస్తు పడుకోలేదు.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఒకరోజు, అమ్మానాన్నలతోపాటే కొత్త మిల్లుకి వెళ్ళిన ఆమె బాబాయి వచ్చాడు. పిల్లలంతా చుట్టూ మూగారు. ఆయన ఎవరి కళ్ళలోకీ చూడలేదు. తన కూతుళ్ళిద్దరి బట్టలూ మూట కట్టించాడు. మావాళ్ళెప్పుడొస్తారు బాబాయ్ అని ఆమె అడిగితే నీళ్ళు నమిలి, వచ్చేవారం అన్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె తల నిమిరి, మిగతావాళ్ళని నువ్వే చూసుకోవాలి తల్లీ అన్నాడు. తర్వాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు. ఎవరి పిల్లల్ని వాళ్ళే. యజమాని ఇళ్ళు కట్టనే లేదనీ, గది దొరికినవాళ్ళు దొరికినట్టు వచ్చి తీసుకెళ్తున్నారనీ అప్పుడు తెలిసింది. వచ్చిన ప్రతివాళ్ళూ ఆమెని తెగ పొగిడారు. నీలాంటి పిల్ల ఉండబట్టి సరిపోయిందన్నారు. ఆమె సంతోషపడింది కూడా. అమ్మ వచ్చినప్పుడు ఇవన్నీ చెప్పాలనుకుంది.

ఒక సంత రోజు ఆమె మధ్యాహ్నానికల్లా స్టూళ్ళన్నీ అమ్మేసి కొండెక్కింది. తమ్ముడికి కొన్న చెప్పులు చేతిలో ఉన్నాయి. హాల్లోకి వస్తే వాడి చాప చుట్టి గోడకి ఆనించి ఉంది. పెట్టె లేదు. పిల్లలంతా తలలు దించుకున్నారు. పొడుగోడు షెడ్డులో చెక్క చిత్రిక పడుతున్నాడు, తల ఎత్తకుండా.

"మీ అమ్మ వచ్చింది" అన్నాడు.

"ఎక్కడుంది?"

"పొద్దున బస్సుకే వెళ్ళిపోయారు. వాణ్ణి తీసుకుని."

సంత ఇక్కడికి గంట నడక. ఎవర్నైనా పంపితే పరిగెత్తుకుంటూ వచ్చేదాన్ని కదా, ఎందుకు పంపలేదని అడిగింది. వాడు చిత్రిక పక్కన పెట్టాడు.

"పిలవొద్దంది. నిన్ను చూస్తే తన కాళ్ళు కదలవంది. పెట్టె బస్సు దాకా నేనే మోశాను."

తల్లి చేసింది అర్థం చేసుకోవడానికి ఆమెకి ఏళ్ళు పట్టింది. వీడు చేసింది మాత్రం అక్కడే, అప్పుడే అర్థమైంది. చెప్పులు వాడి ముందు పడేసి వచ్చేసింది. ఆ తర్వాత వాడితో పని మాటలు తప్ప మాట్లాడలేదు. చలి ముగియకముందే వాడికోసం వాడి నాన్న వచ్చాడు. వాడు సెలవు తీసుకోడానికి వస్తే, రంపానికి ఆకురాయి పెడుతూ, సరే వెళ్ళు అంది.

చివరికి ఏడుగురు మిగిలారు, ఎవరూ రానివాళ్ళు. వాళ్ళని వెంటబెట్టుకుని ఆమె కొండ దిగింది. స్టూళ్ళు కొనే వడ్రంగి ముసలాయన పని ఇచ్చాడు, కొట్టు వెనక రెండు గదులిచ్చాడు. ఆ ఏడుగురూ అక్కడే పెరిగారు, పనులు నేర్చుకున్నారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ముసలాయన పోయాక కొట్టు ఆమెదే అయింది.

తల్లి చాలా ఏళ్ళకి వచ్చింది, జుట్టు నెరిసిపోయి. ఆమె కుర్చీ వేసింది, అన్నం పెట్టింది, తమ్ముడి పిల్లల గురించి అడిగింది. తిన్నాక తల్లి తనే మొదలుపెట్టింది. అప్పటికే నాన్న చెయ్యి రంపంలో పడి పోయింది. ఉన్నదొకటే గది. ఇంకొక్కరికే చోటుందప్పుడు.

"వాడు బతకలేడనుకున్నాను. నువ్వు ఎలాగైనా బతుకుతావని నాకు తెలుసు" అంది.

"నాకేం చేతకాకపోయుంటే నన్ను తీసుకెళ్ళేదానివా అమ్మా?"

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది.

రెండు రోజులుండి వెళ్ళింది. ఆమె బస్సెక్కించి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టింది. మళ్ళీ రమ్మని మాత్రం నోటిదాకా వచ్చినా అనలేకపోయింది. బస్సు మలుపు తిరిగాక కొట్టుకొచ్చి, సగంలో ఆపిన బల్లకి కాలు బిగించడం మొదలుపెట్టింది.