గురవమ్మ మోకాలు, బుల్లయ్య జాలి

మా బావ బుల్లయ్యంత మెత్తటి మనిషి పెదకాకాని చుట్టుపక్కల లేడంటారు. ఆ మెత్తదనమే మా అక్క గురవమ్మ ప్రాణం మీదకి తెచ్చింది.

అక్క మిరపకాయల తొడిమలు తీసే కూలి. ఏళ్ల తరబడి నేల మీద కూర్చుని కూర్చుని మోకాలు అరిగిపోతే, గుంటూరులో ఆపరేషన్ చేసి చిప్ప మార్చారు. ఇక నేల మీద కూర్చోకూడదన్నారు. కోల్డ్ స్టోరేజీ మేస్త్రి, పాపం, కుర్చీలో కూర్చుని రంగుపోయిన తాలుకాయ ఏరే పని ఇస్తానన్నాడు. సీజన్ మొదలయ్యేలోపు రావాలన్నాడు. కుర్చీలో కూర్చోవాలంటే మోకాలు వంగాలిగా!

రోజూ వంచమని ఆసుపత్రిలో చెప్పే పంపారు. ఇంటికొచ్చి వంచబోతే అక్క కేకపెట్టింది. అంతే, బావ బెంబేలెత్తిపోయాడు. "కుట్లు ఊడిపోతాయే, కదపమాకు" అని సొంత చేలో పత్తి కూరిన దిండు మోకాలి కింద పెట్టాడు. చూడ్డానికొచ్చిన ఆడవాళ్లంతా మొగుడంటే ఇట్టా ఉండాలని ఒకటే మెచ్చుకోలు. నేను పోట్లాడితే, "నీకు జాలి లేదమ్మాయ్" అన్నాడు.

తర్వాత చూపిస్తే డాక్టరు తల పట్టుకున్నాడు. "లోపల మచ్చలాగా గట్టి కండ పెరిగి కీలు బిగుసుకుపోయిందమ్మా. మత్తిచ్చి వంచుతాను. ఇంటికెళ్లాక నొప్పయినా వంచుతూనే ఉండాలి. మానేస్తే మళ్లీ బిగుస్తుంది. అప్పుడిక ఇంకో ఆపరేషన్ చేయాల్సిందే."

మత్తులో వంగింది. ఎంతవరకు నొక్కాలో ఫిజియోథెరపీ అమ్మాయి బావకి నేర్పి పంపింది.

మర్నాడు అక్క మంచం అంచున కూర్చుంది. బావ ఎదురుగా చతికిలబడి కాలు పట్టుకున్నాడు.

"నా వల్ల కాదు. దీన్ని ఏడిపించలేను."

నాకు ఒళ్లు మండింది. "మిర్చి యార్డుకి కొత్తకాయ వస్తోంది బావా! ఆ కుర్చీలో ఇంకొకత్తి కూర్చుంటది!"

"నొక్కయ్యా" అంది అక్క.

నొక్కాడు. అక్క మొహం పాలిపోయింది. అమ్మో అని అరిచేసరికి నిప్పు ముట్టుకున్నట్టు చేతులు తీసేశాడు.

అక్క బావ చెంప ఛెళ్లుమనిపించింది. ఇన్నేళ్ల కాపరంలో ఆయన మీద చెయ్యెత్తడం అదే మొదలు.

"జాలిపడి జాలిపడి నన్ను మంచానికి కట్టేశావు. ఇంకెన్నాళ్లు?" అంటూ బావురుమంది.

బావ కళ్లు కూడా తుడుచుకోకుండా మళ్లీ పట్టుకుని నొక్కాడు. వీధి వీధంతా వినపడేట్టు అరిచింది అక్క. మోకాలు ఇంకొంచెం వంగింది.

ఈసారి ఆయన చేతులు తియ్యలేదు.