బోనాల దాకా ఉండాల్సిన గడప రంగు

ఆ రోజుల్లో కంప్యూటర్ తెలిసినవాళ్లకి లోకంలో తెలియనిదంటూ ఉండదని సికింద్రాబాద్ అంతా నమ్మేది. సికింద్రాబాద్ సంగతి వదిలేయండి, మేమే నమ్మేవాళ్లం. మెడలో ఆఫీసు కార్డు వేలాడితే చాలు, పక్కింటివాళ్ల టీవీ ఆగిపోయినా నాకే కబురొచ్చేది. నేనూ సిగ్గు లేకుండా వెళ్లి దాని వీపు మీద రెండు తట్లు తట్టి వచ్చేదాన్ని (సగం సార్లు పనిచేసేది, మిగతా సగానికి కరెంటోళ్లని తిట్టేదాన్ని). అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే పక్కవాడు కష్టపడి చేసిన పనిలో తప్పులు వెతికి, "ఇచ్చిన కాగితం సరిగ్గా చదవలేదా?" అని నిలదీయడం. అందులో నన్ను మించినవాళ్లు మా అంతస్తులో లేరు.

మాది విజయనగరం. ఆఫీసులోనే పరిచయమైన మా ఆయన్ని చేసుకుని బోయిగూడలో వాళ్ల పాత ఇంటికి కోడలిగా వచ్చాను. మొదటిరోజు "అత్తయ్యగారూ" అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూసి, "ఎవర్నే పిలుస్తున్నవ్? గారు గీరు వద్దు, అత్తమ్మ అను సాలు" అంది. మంచి మనిషి. ఒక్క శుక్రవారం పొద్దున్న ఐదింటికి తప్ప. ఆ ఇంటి వీధి గడప మూరెడు వెడల్పున్న టేకు దుంగ. పైన చూరు సరిగా లేక సగం ఎండకీ సగం వానకీ ఉండేది. ప్రతి శుక్రవారం దాన్ని కడిగి, పసుపులో చుక్క నూనె కలిపి రాసి, కుంకుమ బొట్లు పెట్టాలి. అది కోడలి పని. గురువారం నన్ను అమెరికావాళ్ల ఫోన్లు అర్ధరాత్రి దాకా వదిలేవి కావు. ఐదు కొట్టేసరికి అత్తమ్మ తలుపు కొట్టేది. పసుపు గిన్నె ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుని నిద్రపోయిన రోజులున్నాయి. ఒకసారైతే పాలబ్బాయి నన్ను దాటలేక పాలు కిటికీలోంచి ఇచ్చి పోయాడట.

అలా నాలుగు నెలలు గడిచాక నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. గడపకి పసుపురంగు పెయింటూ, దాని మీద ఎర్ర బొట్లూ వేసేస్తే? శాశ్వతంగా శుక్రవారం! అత్తమ్మతో అన్నాను. ఆవిడ తిట్టలేదు, బియ్యం ఏరుతూ తలెత్తి చూసింది.

"గింత పసుపు రాయనీకి గంత తక్లీఫ్ అయితుందానే నీకు? సరే, పెయింటెయ్యి. లష్కర్ బోనాల దాకా ఊడకుంట ఉంటే నీకు శుక్రారం మాఫ్. ఊడిందనుకో, జిందగీ అంతా నువ్వే రాయాలె. మల్ల ఒక్క మాట అనొద్దు."

లష్కర్ అంటే మా సికింద్రాబాదే, ఆ బోనాలకి ఇంకా మూడు వారాలుంది. మూడు వారాల నిద్ర కోసం కాదు, మొత్తం జీవితకాలపు నిద్ర కోసం పందెం. ఒప్పేసుకున్నాను.

చెక్కకి ముందు ప్రైమర్ వేయాలని మాత్రం తెలుసు. ఏ ప్రైమరో తెలియదు. పెయింటర్ని అడగొచ్చు. కానీ అడిగితే కంప్యూటర్ పరువేం కావాలి? ఆఫీసులో ఇంటర్నెట్ తెరిచి, ఆరుబయట చెక్కకి ప్రైమర్ ఎలా ఎంచుకోవాలో పదిహేడు పేజీలు ప్రింటు తీశాను. ఎవరో అమెరికా ఆయన ఎంతో ఓపిగ్గా రాశాడు, మంచు కురిస్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలో కూడా (బోయిగూడలో మంచు కురిస్తే గడప సంగతి ఎవడు చూస్తాడు?). పదిహేడూ చదివానా? లేదు. మొదటి పేజీ చదివి, మిగతావాటిలో లావు అక్షరాలు చూసుకుంటూ పోయాను. నాకు రెండు ముక్కలు ఒంటబట్టాయి: జిడ్డు పోయేదాకా సోడాతో కడగాలి, డబ్బా మీద 'ఎక్స్‌టీరియర్' అని ఉండాలి.

ఆదివారం పొద్దున్నే బకెట్టు నీళ్లలో బట్టల సోడా దట్టంగా కలిపి గడప మీద కుమ్మరించాను. ఏళ్ల తరబడి పసుపు తాగిన టేకు అది. కళ్ల ముందే ఎర్రబడింది. ముందు మూలల్లో, తర్వాత మధ్యలో, చివరికి నీళ్లు కూడా ఎర్రగా వీధిలోకి పారాయి. పూలు కోసుకొస్తున్న అత్తమ్మ అక్కడే నిలబడిపోయింది.

"ఓ కొడకా, జెర బయటికి రారా! గడప మీద నెత్తురు!"

మా ఆయన బనీను మీదే పరుగెత్తుకొచ్చాడు. నేను చేతులు, కాళ్లు తడుముకుంటున్నాను, ఎక్కడ కోసుకుపోయిందా అని. అత్తమ్మే ముందు తేరుకుంది. వంగి వేలితో తాకి, వాసన చూసి, బకెట్టు చూసి, నన్ను చూసింది. "పసుపుల సోడా పోస్తే ఎర్రగ గాక పచ్చగ అయితదా? గడపకు పారాణి పెట్టినవ్, మంచిగనే ఉంది. దానికి పెండ్లి పిలగాణ్ణి సుత చూసినవా మరి?" అంది. నాలుగు నెలల కిందటే పెళ్లిలో పసుపూ సున్నమూ కలిపి నా కాళ్లకే పారాణి పూశారు. అయినా ఆ సంగతి నాకు తట్టలేదు. ఇంజనీరింగ్ చదివినదాన్ని కదా!

ఆ అవమానంతోనే రాణిగంజ్ వెళ్లాను. రంగుల దుకాణం సేటు, "కట్టెకా, గోడకా, ఇనుముకా మేడం?" అని అడిగాడు. "బయటికి" అన్నాను ఠీవిగా. "బయటికి అంటే దేనికి మేడం?" అన్నాడు. అప్పటికే పై అరలో లావు అక్షరాలతో ఎక్స్‌టీరియర్ అని రాసున్న డబ్బా నా కంటబడింది. "అదిగో, అదే ఇవ్వండి" అన్నాను. "జెర ఆగుర్రి మేడం, గా డబ్బా గోడలకు..." అంటున్నాడు. "నాకు తెలుసండీ" అని పదిహేడు పేజీలూ ఆయన కౌంటర్ మీద పెట్టాను. సేటు ఆ బొత్తి వంక చూసి డబ్బా దించాడు.

కడిగిన తడి పూర్తిగా ఆరిందో లేదో, సాయంత్రానికి ప్రైమర్ పూసేశాను. మర్నాడు పసుపు ఎనామిల్, ఆ మర్నాడు ఎర్ర బొట్లు. ఏం మెరుపండీ అది! వీధిలో వాళ్లు ఆగి చూసి పోయారు. గోటితో గీకి చూశాను, రాలేదు. చీపురుతో కొట్టాను, చెక్కు చెదరలేదు. అన్ని పరీక్షలూ పాస్. తర్వాతి రెండు శుక్రవారాలూ ఎనిమిదింటి దాకా పడుకున్నాను. అమ్మకి ఫోన్ చేసి చెబితే, "ఏటి తల్లీ, గడపకి పెయింటా? మీ అత్తగారు ఏటీ అన్లేదా?" అంది. "ఏమంటుందమ్మా, టెక్నాలజీ" అన్నాను.

ఆషాఢమన్నాక వాన వస్తుందని మాత్రం నా పరీక్షల జాబితాలో లేదు. బోనాలకి నాలుగు రోజుల ముందు ముసురు పట్టింది. రెండో రోజుకి గడప మీద రంగు పూరీలా పొంగింది. బొటనవేలితో నొక్కితే లోపల నీళ్లు అటునుంచి ఇటు పరుగెత్తాయి. "బురద అంటకుండా" అని చెప్పి గోనెపట్టా కప్పాను. అత్తమ్మ పట్టాని చూసింది, నన్ను చూసింది, దాన్ని దాటుకుని లోపలికి పోయింది.

బోనాల రోజు వచ్చింది. పట్టా తీయక తప్పలేదు. అత్తమ్మ పసుపు కాళ్లతో, పట్టుచీరతో, నెత్తిన అమ్మవారి బోనం కుండ, దాని మీద దీపంతో గుమ్మంలో నిలబడింది. కోడలిగా నేను చెంబుతో ఆమె కాళ్ల మీద నీళ్లు పోశాను. బోనం ఎత్తినవాళ్లు తల వంచలేరు కదా, కాలితోనే తడుముకుంటూ గడప దాటింది. ఆమె మెట్టె సరిగ్గా ఆ పూరీకే తగిలింది. పర్రున ఒక శబ్దం. గడప రంగు ఈ చివర నుంచి ఆ చివర దాకా, బొట్లతో సహా, ఒకే పట్టీగా లేచి ఆమె కాలి గొలుసుకి చుట్టుకుంది. అదే సమయానికి డప్పులు మొదలయ్యాయి. అత్తమ్మ నడిచింది. వెనక రెండు మూరల పసుపు తోక కూడా నడిచింది.

నేను చెంబు పారేసి, నడుం వంచి, ఆమె కాళ్ల దగ్గర చెయ్యి చాపుకుంటూ వెంటపడ్డాను. తోక అందినట్టే అంది జారిపోయేది. "కాళ్ల కాడ ఏందే?" అంది అత్తమ్మ పైకి చూస్తూనే. "ఏం లేదత్తమ్మా, మీరు నడవండి!" అన్నాను. నా కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి, జిందగీ అంతా శుక్రవారాలు గుర్తొచ్చి. అరుగుల మీద ఆడవాళ్లు చేతులు జోడించారు. "చూసినవా, అడుగడుగుకు అత్త కాళ్లు మొక్కుకుంట పోతుంది. ఆంధ్రా పిల్లయినా ఎంత భక్తి!" అనుకున్నారు. ఒకావిడైతే తన కోడల్ని మోచేత్తో పొడిచి మరీ చూపించింది.

గుడి దగ్గర బోనం దించాక అత్తమ్మ కిందికి చూసుకుంది. పట్టీని విప్పి, మడతపెట్టి నా చేతిలో పెట్టింది. "నీ శుక్రారం ఇగో" అంది. తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది చూడండి, అమ్మవారి ముందు అలా నవ్వొచ్చో లేదో నాకు తెలియదు.

వారం తర్వాత అత్తమ్మే పెయింటర్ తాతని పిలిపించింది. ఆయన నా డబ్బా చూసి జాలిపడ్డాడు. "ఇది గోడ ప్రైమర్ బిడ్డా. కట్టెకు కట్టె ప్రైమరే, అది సుత నూనెది. అయినా నీ గడప కడుపు నిండ నూనె, తడి ఉంది. ముందు అది ఖాళీ కావాలె" అన్నాడు. మిగిలిన రంగు పెచ్చులన్నీ గీకి, ఉప్పుకాగితంతో రుద్ది, వానలు వెనకబడ్డాక రెండు వారాలు ఎండనిచ్చి, అప్పుడు చెక్క ప్రైమర్, సందులు పూడ్చే లప్పం, రెండు పూతల రంగు వేశాడు. (లోపలికెళ్లి పదిహేడు పేజీలు తీసి చూస్తే, ఇదంతా ఆరో పేజీలో అచ్చు గుద్దినట్టు ఉంది.) ఆ రంగు ఏళ్ల తరబడి చెక్కుచెదరలేదు. కానీ పందెం పందెమే. పసుపు రంగు మీద మళ్లీ పసుపు రాశాను, ప్రతి శుక్రవారం.

ఇప్పటికీ రాస్తున్నాను. అత్తమ్మకి మోకాళ్లు వంగవు. వాకిట్లో కుర్చీ వేసుకుని "ఆ మూల ఇడిచినవ్" అంటూ నా తప్పులు పడుతుంది. టెస్టింగ్‌లో ఆవిడ ముందు నేనెంత! మొన్న శుక్రవారం మా అమ్మాయి (కొత్తగా ఉద్యోగం, మెడలో కార్డు) ఒక చుట్ట పట్టుకుని వచ్చింది. గడప స్టిక్కరట. పసుపు, బొట్లు, ముగ్గు అన్నీ దాని మీదే ఉన్నాయి.

"ఎందుకమ్మా ఈ తిప్పలు? ఇది అతికిస్తే అయిపోయె!"

నూనె ఉంది తల్లీ, అంటుకోదు అనబోయాను. అత్తమ్మ నా భుజం నొక్కింది. "పెట్టు బిడ్డా, మంచిగుంది. బోనాల దాకా ఉంటదా మరి?" అంది, ముఖంలో ఏమీ తెలియనివ్వకుండా.

"ఎందుకుండదు నానమ్మా! రివ్యూలన్నీ చదివే కొన్నా."

ఆ గొంతు నాకు బాగా తెలుసు. ఎన్నాళ్లయిందో విని. నేను పసుపు గిన్నె పక్కన పెట్టి, పిల్ల కూర్చోవడానికి కాస్త జరిగాను.