న్యూట్రల్ మామ ఆటోలో ముందుకు వంగడం

ఉద్యోగంలో చేరిన కొత్తలో మనిషికి తాను చదివినదంతా నిజమేననీ, లోకం ఆ చదువు ప్రకారమే నడుస్తుందనీ గట్టి నమ్మకం ఉంటుంది. ఆ రోజుల్లో నాకూ ఉండేది. కరీంనగర్‌లో బీఎడ్ ముగించి, ఖానాపూర్ దాటాక వచ్చే ఒక ఊళ్లో ప్రభుత్వ బడికి సైన్సు టీచరుగా బయలుదేరినప్పుడు నా వెంట ఒక టిఫిన్ డబ్బా, ఒక గొడుగు, భౌతికశాస్త్ర నియమాలు ఉన్నాయి. గొడుగు మొదటి వారంలోనే పోయింది. నియమాలు దానికంటే ముందే, మొదటి రోజే చిక్కుల్లో పడ్డాయి.

ఖానాపూర్ నుంచి ఆ ఊరికి బస్సు లేదు, షేరింగ్ ఆటో ఒక్కటే దిక్కు. దాన్ని నడిపే పెద్దమనిషిని ఊరంతా న్యూట్రల్ మామ అనేది. ఊరి ముందర రెండు గడ్డలున్నాయి. ఇవతలి గడ్డ మీద పత్తి జిన్నింగు మిల్లు, అవతలి గడ్డ మీద మా బడి, మధ్య పల్లంలో వాగు మీద చిన్న వంతెన. మిల్లు గడ్డ బడి గడ్డకంటే ఎత్తు. మిల్లు గేటు రాగానే మామ ఇంజను ఆపేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, పెళ్లిపందిట్లో కూర్చున్నంత నిశ్చింతగా కూర్చునేవాడు. ఆటో చప్పుడు లేకుండా జారి, వంతెన మీద రివ్వున దూసుకుపోయి, అవతలి గడ్డ ఎక్కుతూ నెమ్మదించి, సరిగ్గా మా బడి గేటు ముందు ఆగేది. బ్రేకుతో పనే ఉండేది కాదు. డీజిల్ ఆదా అని మామ అనేవాడు గానీ, ఆ ముఖం చూసినవాళ్లెవరికైనా అది ఆదా కోసం కాదని తెలిసిపోయేది. (ఇది చదివి ఎవరూ ఇంజను ఆపి ఘాట్లు దిగకండి. ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి ఈ మాట చెప్పడం నా విధి.)

ఇందులో ప్రయాణికుల పని కూడా ఒకటుంది. వంతెన దాటగానే ఆటోలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా ముందుకు వంగేవాళ్లు. ఎవరూ ఎవరికీ చెప్పేవాళ్లు కాదు. రోజూ చుట్టిన బీడీలు కంపెనీలో అప్పజెప్పి ఖాళీ గంపతో తిరిగొచ్చే ఒక అవ్వ ఆ గంపను పొట్టకు అదుముకుని అందరికంటే ఎక్కువ వంగేది. గేటు వచ్చేదాకా ఊపిరి బిగబట్టి, రాగానే నిటారుగా అయి, మాట ఎక్కడ తెగిందో అక్కడినుంచి అందుకునేవాళ్లు.

మొదటి రోజు ఇదేమీ నాకు తెలియదు. మిల్లు దగ్గర ఇంజను ఆగితే ఆటో చెడిపోయిందనుకున్నాను. చెడిపోయిన ఆటో అంత వేగంగా పరుగెత్తేసరికి నాకు పైప్రాణం పైనే పోయింది. మెల్లగా, మెల్లగా అని మామను బతిమాలాను. తర్వాత వంతెన దాటింది, అందరూ వంగారు. నేను వంగలేదు. బండి లోపల కూర్చుని వంగితే బండి ముందుకు పోదని నాకు తెలుసు, దాని మీద పరీక్ష రాసి మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆటో బడి గేటుకు ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయింది. అందరూ నావైపు తిరిగారు. బీడీల అవ్వ కోపమేమీ లేకుండా, పంచాయితీలో సాక్ష్యం చెప్పినట్టు, "అందరు వంగిన్రు. టీచరమ్మ ఒక్కతె వంగలే," అంది. దిగి తోశాం. గేటు దగ్గర పిల్లలంతా నిలబడి, కొత్త టీచరు కొత్త చీరలో ఆటో తోస్తూ ఉద్యోగంలో చేరడం చూశారు.

రెండో రోజు నుంచి నేనూ వంగాను. ఇన్నేళ్ల తర్వాత ఒప్పుకోవడానికి ఇబ్బందేమీ లేదు. మొదట్లో మొహమాటానికి వంగాను. నెల తిరిగేసరికి మనస్ఫూర్తిగానే వంగుతున్నాను.

ఎనిమిదో తరగతికి యాంత్రిక శక్తి నిత్యత్వం చెప్పాల్సిన రోజు వచ్చింది. కళ్లముందున్న ఆటోను వదిలి వేరే ఉదాహరణ ఎందుకని బోర్డు మీద రెండు గడ్డలూ గీశాను. మిల్లు దగ్గర ఆటో ఎత్తులో ఉంది కాబట్టి దానికి స్థితిశక్తి ఉందనీ, దిగుతున్నకొద్దీ ఎత్తు తగ్గి వేగం పెరుగుతుంది కాబట్టి అది గతిశక్తిగా మారుతుందనీ, బడి గడ్డ ఎక్కేటప్పుడు గతిశక్తి మళ్లీ స్థితిశక్తి అవుతుందనీ, ఘర్షణే లేకపోతే ఈ రెండింటి మొత్తం ఎక్కడా మారదనీ చెప్పాను. ఘర్షణ కొంత తినేస్తుంది కాబట్టే మన బడి మిల్లుకంటే కొంచెం కింద ఉండటం మన అదృష్టమని కూడా అన్నాను. పాఠం బాగా వచ్చిందని నాకే ముచ్చటేసింది. అప్పుడు వెనక బెంచీ నుంచి ఒక పిల్ల లేచింది. ఏం చెప్పినా 'మరెందుకు' అని అడుగుతుందని దాని పేరే మరెందుకు అయిపోయింది. వంగుడు ఏ శక్తి కిందికి వస్తుందని అడిగింది. ఏ శక్తి కిందికీ రాదనీ, వంగడం వల్ల ఏమీ కాదనీ చెప్పాను.

"మరెందుకు వంగుతరు టీచర్, మీరు? రోజు గేటు కాడ చూస్తున్నం."

గంట కొడతారు, కూర్చోమన్నాను. గంటకు ఇంకా ఇరవై నిమిషాలుంది.

యూనిట్ టెస్టులో దాని ఫలితం తెలిసింది. 'గతిశక్తి మరియు ప్రయాణికులు ముందుకు వంగుట వలన ఆటో గడ్డ ఎక్కును' అని క్లాసు క్లాసంతా రాసింది. ఒకడు బొమ్మ గీసి, అందులో జుట్టు ముడి వేసుకుని బాగా వంగిన ఆమెకు బాణం గుర్తు పెట్టి 'టీచర్' అని రాశాడు. హెడ్మాస్టరు గారిని మేం పెద్దసారు అనేవాళ్లం. ఆయన ఆ కాగితం చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, బొమ్మ మంచిగనే గీసిండు అన్నారు. వచ్చే వారం జిల్లా నుంచి అధికారి వస్తున్నాడనీ, ఆలోపు ఈ వంగుడు పిల్లల తలకాయల్లోంచి పోవాలనీ, పోకపోతే జవాబు నేనే చెప్పుకోవాలనీ కూడా అన్నారు. దానికి భయపడ్డాను గానీ, అసలు దెబ్బ 'మరెందుకు' పేపర్లో తగిలింది. ఆ ప్రశ్నకు అది ఏమీ రాయలేదు. పిలిచి అడిగితే తల వంచుకుని, "ఏది నిజమో తెల్వలే టీచర్. మీరు చెప్పుడొకటి, చేసుడొకటి," అంది. నాకు నిజంగా సిగ్గేసింది. ఆ పిల్ల ఇక సైన్సులో ఏ మాటా నమ్మదేమోనని ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇక పరీక్ష పెట్టక తప్పలేదు. ఒకరోజు అందరం వంగాలి, మర్నాడు ఎవరూ వంగకూడదు, ఆటో ఎక్కడ ఆగిందో పిల్లలు ముగ్గుతో గీత గీయాలి. మామ రెండిటికీ సరేనన్నాడు. బీడీల అవ్వ మాత్రం నా పాఠం కోసం తామెందుకు తోయాలని అడ్డం తిరిగింది. ఆటో ఎక్కకపోతే నేనొక్కదాన్నే తోయాలన్న ఒప్పందం మీద దారికొచ్చింది.

మొదటి రోజు అందరం వంగాం, గీత పడింది. మర్నాడు మిల్లు దగ్గర ఇంజను ఆగింది. గేటు దగ్గర ఎనిమిదో తరగతి మొత్తం వరుసగా నిలబడి ఉంది, వాళ్ల ముందు మరెందుకు. వంతెన దాటాం. నిటారుగా కూర్చోవడం అంత కష్టమని నాకు అంతకుముందు తెలియదు. అవ్వ కళ్లు మూసుకుంది. ఎవరూ కదల్లేదు. ఉన్నట్టుండి నా భుజం పట్టుకుని ఎవరో వెనక్కి గుంజారు. చూస్తే అవ్వే.

"టీచరమ్మా, వంగుతున్నవ్," అంది.

ఆటో గడ్డ ఎక్కింది. నిన్నటి గీత మీదే, ఇంకా నాలుగు వేళ్లు ముందుకే వచ్చి ఆగింది. అవ్వ దిగి గీతను కాసేపు అనుమానంగా చూసి, ఇవాళ గాలి మంచిగున్నదని వెళ్లిపోయింది. పిల్లలు గోల చేశారు. నేను గెలిచినట్టు నిలబడ్డాను. మరెందుకు మాత్రం కదల్లేదు. "మరెందుకు ఆగింది టీచర్, మీరొచ్చిన మొదటి రోజు?" అని అడిగింది. మామ హ్యాండిల్ తుడుస్తూ, ఎవరికీ కాదన్నట్టు చెప్పాడు.

"టీచరమ్మ మెల్లగ అన్నది. బ్రేకు తొక్కిన. పల్లంల తొక్కినంక గడ్డ ఏడ ఎక్కుతది?"

మరి ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఎవ్వరు అడగలే," అన్నాడు. మరెందుకు వెంటనే అందుకుని, అయితే ఆ గతిశక్తి బ్రేకుల్లో వేడైపోయింది కదా టీచర్ అంది. నేను చెప్పి ఉండాల్సిన పాఠం అది. నెలల తరబడి నా భయానికి శిక్షగా నేనే రోజూ వంగుతూ వచ్చానన్నమాట. అయినా ఆ పిల్ల ముఖంలో నమ్మకం తిరిగొచ్చింది, నాకు అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది. జిల్లా అధికారి వచ్చి, కాగితాలు రెండు తిరగేసి, మధ్యాహ్న భోజనంలో గుడ్డు వారానికి ఎన్నిసార్లు పెడుతున్నారని అడిగి వెళ్లిపోయాడు. ఆ మర్నాడు వంతెన దాటగానే ఆటోలో అందరూ మళ్లీ వంగారు. వంగితే పోయేదేముంది అంది అవ్వ. నాకూ పోయేదేమీ కనిపించలేదు.

మరెందుకు ఇప్పుడు భైంసాలో సైన్సు టీచరు. మొన్న సెలవుల్లో కరీంనగర్ వచ్చి, కొండగట్టుకు పోదాం రమ్మని చుట్టాల బ్యాటరీ స్కూటీ వెనక ఎక్కించుకుంది. ఘాటు రోడ్డు మీద ఒక మలుపులో బండి బాగా నెమ్మదించింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే నేను ముందుకు వంగాను. ఈ వయసులో, వంగితే ఏమీ కాదని తేల్చిన పిల్ల వెనకే కూర్చుని. అది చూసిందేమోనని తలెత్తాను. దాని వీపు నాకంటే ముందే వంగి ఉంది.

"మరెందుకే?" అన్నాను.

"ఎక్కినంక చెప్త టీచర్," అంది.