నల్ల తెర

హెచ్‌ఆర్ మేనేజరు వారానికి మూడుసార్లు విమానమెక్కుతాడు. కూర్చోగానే బూట్ల లేసులు వదులు చేసుకుని, బల్ల దించి లాప్‌టాప్ తెరుస్తాడు. పక్కవాళ్ళకి నలుపు తప్ప ఏమీ కనిపించకుండా తెరకి ఒక పొర అంటించుకున్నాడు. ఏ ఊరి ఆఫీసులో ఎవరి పొట్ట కొట్టాలో ఆ పొర వెనకే తేలుతుంది. నేల మీదైతే మనుషుల ముఖాలు చూడాల్సొస్తుంది మరి.

ఆ రోజు పక్క సీట్లో, తను వెళ్తున్న ఆఫీసు స్టోర్‌కీపరే కూర్చున్నాడు. “అమ్మాయిని కాలేజీలో చేర్పించి వస్తున్నా సార్,” అన్నాడు పొంగిపోతూ. మేనేజరు తలూపాడు. ఉద్యోగం పోయేవాళ్ళ జాబితాలో పద్నాలుగో పేరు అతనిదే. ఆ పేరు చెరిపేద్దామా అన్నట్టు వేలు దాని మీద కాసేపు ఆగింది. ఇంతలో స్టోర్‌కీపరు మొహమాటంగా వంగి, “చార్జింగ్ అయిపోయినట్టుంది సార్, తెరంతా నల్లగా ఉంది. నా పవర్‌బ్యాంక్ లాప్‌టాప్‌కీ పనికొస్తుంది, పెట్టుకోండి,” అన్నాడు. నిజంగానే చార్జింగ్ అడుగంటింది. మేనేజరు వైరు గుచ్చుకున్నాడు, వేలు కిందికి జరిగి పదిహేనో పేరు దగ్గరికి వెళ్ళింది. దిగే ముందు వైరు నీటుగా చుట్టి తిరిగిచ్చాడు.

“పనైపోయిందా సార్?”

“అయిపోయింది. సమయానికి ఆదుకున్నావయ్యా.”

“భలేవారే, మన ఆఫీసు పనేగా సార్!” అంటూ స్టోర్‌కీపరు పైనుంచి ఆయన బ్యాగు కూడా తనే దించిపెట్టాడు.